నిండుకున్న రేకు

తొట్టిలోంచి రేకు పైకి లేస్తుంటే ఉత్పల ఊపిరి బిగబట్టి చూసింది.

నిన్నటి రేకూ ఇలాగే లేచింది. లేచి, చిటికెన వేలు తగలగానే కాల్చిన అప్పడంలా పొడిపొడైంది. ఈసారిది నీళ్ళోడుతూ నిలువునా పైకి వచ్చింది. మడతపడలేదు, చిరగలేదు. దిగేటప్పుడు అద్దంలా తళతళలాడిన అల్యూమినియం ఇప్పుడు మీగడ కట్టిన పాలలా మసకబారి ఉంది. మెరుపు పోయిందంటే లోపల సొరంగాలు పడ్డట్టే. తొడుగు వేసుకున్న చేత్తో ఉత్పల అంచు పట్టుకుని వంచింది. వంగింది. వదిలితే మళ్ళీ నిటారుగా నిలబడింది.

"దారికొచ్చిందండీ," అంది పక్కనున్న సూర్రెడ్డితో.

కర్మాగారం అధికారి సూర్రెడ్డి శుభవార్తని కూడా చెడ్డవార్తలాగే వినే మనిషి. రేకు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, పొర కట్టించాక మాట్లాడుకుందామన్నాడు. అయినా ఆయన కళ్ళు మాత్రం రేకు మీంచి పక్కకి పోలేదు.

ఆత్రేయపురానికి కాస్త దూరంలో, కాలవగట్టు మీద ఉన్న ఆ కర్మాగారంలో జరిగే పని చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికి కష్టం. పలచటి లోహపు రేకుని వేడి ఆమ్లంలో ముంచి కరెంటు పంపుతారు. దాన్ని తొలుపు అంటారు. కరెంటు రేకుని కొరుకుతుంది. కంటికి ఆనని సొరంగాలు కోట్లకొద్దీ లోపలికి తొలుచుకుపోతాయి. తర్వాత ఇంకో తొట్టిలో ఆ సొరంగాల గోడలకి పలచటి పొర కట్టిస్తారు. విద్యుత్తు నిలిచేది ఆ పొర వెంబడే. కాబట్టి ఎంత గోడ ఉంటే అంత నిల్వ. అరచేతి రేకులో అరెకరం గోడ ఇమడ్చగలిగిన రోజున బ్యాటరీలన్నీ పాత సామాన్ల కొట్టుకి పోయాయి.

ఆ రోజు నుంచీ బతుకు తీరే మారిపోయింది. ప్రయాణికుడు దిగేలోపు బస్సు స్తంభం దగ్గర గుక్కెడు విద్యుత్తు తాగి కదిలిపోతుంది. పచ్చడి జాడీ అంత నిల్వరేకు చుట్ట ఒకటి వంటింటి మూల పెట్టుకుంటే ఇల్లంతా నడుస్తుంది. వీధుల్లో కరెంటు తీగలు చూసి ఒక తరం దాటింది. తీగల బదులు రేకుపిట్టలున్నాయి. చిన్న చిన్న ఎగిరే యంత్రాలు. ఎక్కువున్న ఇంటి నుంచి విద్యుత్తు పీల్చుకుని, లేని ఇంటికి మోసుకుపోయి పోస్తాయి. కర్మాగారం వాళ్ళు ఎంత గంభీరంగా నిల్వరేకు అని పేరు పెట్టినా, గోదావరి జిల్లాల్లో జనం దాన్ని పూతరేకు అనే పిలిచారు. ఆత్రేయపురం పక్కన పుట్టిన పలచటి వస్తువుకి ఇంకో పేరు పెట్టడం వాళ్ళ వల్ల కాలేదు.

తొలుపులో చిక్కల్లా ఒక్కటే. ఆశపడి ఎక్కువ కొరికిస్తే సొరంగాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గోడలు కూలతాయి. పెరగాల్సిన వైశాల్యం తరిగిపోతుంది. ఉత్పల ఏళ్ళ తరబడి ఆ చిక్కు మీదే కూర్చుంది. కరెంటుని ఏకధాటిగా పంపకుండా, కొరికించి, ఆపి, ఆమ్లం చల్లబడే వరకూ ఆగి, మళ్ళీ కొరికిస్తే సొరంగం పక్కకి కొమ్మలేస్తుందని కనిపెట్టింది. చెదపురుగులు పుట్టలో దారులు వేసినట్టు, గదిలోంచి గది. అందుకే దీనికి పుట్టరేకు అని పేరు పెట్టుకుంది. లెక్క ప్రకారం ఇది మామూలు రేకుకి పదింతలు మోయాలి. లెక్క నిజమైతే ఈపాటికి ఆమె కర్మాగారమంతా గెంతుతూ తిరగాల్సింది.

కానీ మనసు గోదావరి మీద ఉంది.

మూడు రోజులుగా నది పొంగుతోంది. ముత్యాలలంక చుట్టూ నీళ్ళు. ఆ లంకలోనే ఉత్పల చెల్లెలు శశిరేఖ, నెలలు నిండి, అత్తగారింట ఉంది. భయం లేదని అందరూ అన్నారు. లంకలన్నిటికీ ఇప్పుడు లేవరుగులున్నాయి. ఊరంతా పట్టే ఇనుప అరుగు నీళ్ళు పెరిగేకొద్దీ కాళ్ళు సాచి మెట్టు మెట్టుగా పైకి లేస్తుంది. ఒక్కో మెట్టుకీ నిల్వరేకు లోంచి పెద్ద గుక్క తాగుతుంది. రేకు తగ్గితే పిట్టలు తెచ్చి పోస్తాయి. లేవరుగు వచ్చాక లంకల్లో వరదకి ఒక్క ప్రాణం పోలేదు.

పొద్దున శశిరేఖ ఫోన్ చేసి, నొప్పులు మొదలయ్యాయనీ, అరుగు మీద నర్సు ఉందనీ, కంగారు పడొద్దనీ చెప్పింది. కంగారు పడొద్దని చెప్పడానికి ఫోన్ చేసిన గొంతు వణకడం ఉత్పల విన్నది.

పుట్టరేకుకి పొర కట్టించి, ఆరబెట్టి, చుట్ట చుడుతుండగా రేకుపిట్టలు గుంపుగా వచ్చి పెరట్లోని గూటి మీద వాలాయి. ఆ పక్క ఊళ్ళకి సర్దుబాటు అంతా ఈ గూటి నుంచే. పిట్ట ఒట్టిదైతే చురుగ్గా వాలుతుంది, పొట్ట నిండినదైతే ఆ వేడికి రెక్కలు నెమ్మదించి బద్ధకంగా వాలుతుంది. ఇవి బద్ధకంగా వాలాయి. ఎక్కడో మిగులు పీల్చుకుని వచ్చాయన్నమాట. వరద రోజున ఎవరింట్లో మిగిలిందా అని ఉత్పల యథాలాపంగా గూటి పలక వైపు చూసింది.

ముత్యాలలంక లేవరుగు. నిండింది. మిగులు తీసుకున్నాం.

ఆమెకి ముందు సంతోషమే కలిగింది. మరుక్షణం పలక మళ్ళీ చదివింది. మెట్టు మీద మెట్టు ఎక్కుతున్న అరుగులో మిగులెక్కడిది?

చెల్లెలికి ఫోన్ చేసింది. మోగలేదు. నర్సుకి చేసింది. అదీ మోగలేదు. అరుగు మీది ఫోను స్తంభం కూడా ఆ రేకు మీదే నడుస్తుంది.

పరుగున వెళ్ళి గూటి ముందు నిలబడి, లంక నుంచి వచ్చిన మాట వినిపించమని సమవర్తిని అడిగింది. ఊరూరికీ విద్యుత్తు సర్దే బుద్ధియంత్రం పేరు సమవర్తి. రేకులో ఎంత ఉందో చూపే కొలముల్లు వానాకాలంలో తేమ పట్టి అబద్ధం చెబుతుంది. ఒకసారి తుఫానులో ముల్లుని నమ్మి ఒక ఊరికి విద్యుత్తు అందకుండా చేశారు. అప్పటి నుంచీ సమవర్తికి ఒక నియమం నూరిపోశారు. మనిషి మాటే పైమాట. ప్రతి అరుగుకీ ఒక పెద్దమనిషిని నియమించి, వాళ్ళ గొంతుని నోటిముద్రగా తీసుకున్నారు. ఆ గొంతు ఏం చెబితే సమవర్తికి అదే వేదం.

ముత్యాలలంక నోటిముద్ర శశిరేఖ అత్తగారు వీరవేణమ్మది. ఆవిడ గొంతు గాలీ వానా మధ్యలోంచి వినిపించింది.

"బాబూ, మా అరుగు రేకు నిండుకుంది. కాస్త తొందరగా చూడండి బాబూ."

సమవర్తి జవాబు చాలా మర్యాదగా ఉంది. "మీ మాట అందింది. రేకుపిట్టలు వెంటనే బయలుదేరుతున్నాయి."

"చల్లగా ఉండండి నాయనా," అంది వీరవేణమ్మ.

ఉత్పల గూటి కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో బియ్యం అయిపోయాయని ఏ ఇల్లాలూ అనదు, నిండుకున్నాయంటుంది. ఉప్పు నిండుకుంటుంది, పసుపు నిండుకుంటుంది. సమవర్తికి మాటలు నేర్పింది ఆఫీసు గదుల్లో కూర్చుని, ఖాళీ అయితే ఖాళీ అనీ, నిండితే నిండిందనీ చదివి వినిపించిన వాళ్ళు. వీరవేణమ్మ కూడా ఎండాకాలంలో ఖాళీ అనే చెప్పి ఉంటుంది. ఇవాళ కోడలికి పురుడొస్తోంది. ఇవాళ ఆవిడ నోట ఆ మాట ఎలా వస్తుంది?

ఆకాశంలోంచి పిట్టలు దిగుతుంటే అరుగు మీద జనం చప్పట్లు కొట్టి ఉంటారు. అవి వాలి, ఉన్న నాలుగు గుక్కలూ పీల్చుకుని ఎగిరిపోయాయి.

"అది నిండటం కాదు," అంది ఉత్పల సమవర్తితో. "నిండుకోవడం. అంటే నిండలేదు. నిండుకుందంటే అసలేమీ లేదని."

"మీ మాటలో వైరుధ్యం ఉంది," అంది సమవర్తి. "అరుగు నిండిందని నోటిముద్ర గల వ్యక్తి చెప్పారు. నిండిన రేకులో మళ్ళీ పోస్తే పొర పగిలి ప్రమాదం జరుగుతుంది. అరుగులోకి విద్యుత్తు పోసే పోతనోరు మూసి ఉంచాను. దాన్ని తెరవడానికి వీరవేణమ్మగారి మాట కావాలి."

"ఆవిడ మాట్లాడటానికి అక్కడ కరెంటు లేదు."

"విచారిస్తున్నాను. వారి మాట కావాలి."

ఉత్పల ఇంక దానితో వాదించలేదు. వెనక్కి తిరిగేసరికి సూర్రెడ్డి నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టే ఉంది. మామూలు చుట్టలు ఎగురుబండిలో వేసుకుని పోతానంటే, ఒక్క మెట్టుకి సరిపడా చుట్టల బరువు కూడా బండి మొయ్యదని ఆయనే చెప్పాడు. చెప్పి, అప్పుడే చుట్టిన పుట్టరేకు వైపు చూశాడు. ఉత్పల కూడా అటే చూసింది. దానికి పరీక్ష కాలేదు. పొర ఎక్కడైనా సన్నగా ఉంటే, నింపగానే పేలుతుంది.

"నింపి చూడటమే పరీక్ష," అంది ఉత్పల.

సూర్రెడ్డి అందరినీ గోడ అవతలికి పొమ్మన్నాడు. తాను పోలేదు. ఉత్పల చుట్టని కరెంటు స్తంభానికి తగిలించి మీట నొక్కింది. చుట్ట ఒక్కసారి నిట్టూర్చినట్టు చప్పుడైంది. వేడి సెగ ముఖానికి కొట్టింది. ముల్లు పైకి పాకింది, మామూలు చుట్ట ఆగే గీత దాటింది, ఇంకా పాకింది. స్తంభం వెలవెలబోయి, కర్మాగారంలో దీపాలన్నీ ఒకసారి రెప్ప వేశాయి. చుట్ట పేలలేదు.

లెక్క నిజమైంది. ఇన్నేళ్ళ పని గెలిచిన ఆ క్షణంలో ఉత్పలకి నవ్వడానికి తీరిక లేదు. సూర్రెడ్డి మాత్రం నవ్వాడు. చుట్ట రెండో కొస తనే భుజాన ఎత్తుకున్నాడు.

ఎగురుబండి నడిపే ఏసుపాదం లంకల్లోనే పుట్టి పెరిగినవాడు. చుట్టని సీట్ల వెనక తాళ్ళతో కడుతూ, ఇది గాల్లో పేలుతుందా అని మాత్రం అడిగాడు. పేలొచ్చంది ఉత్పల.

"ఆయ్, అయితే ఎక్కండి మేడంగారూ. ఎనక్కి తిరిగి చూసుకునే పని ఉండదు."

బండి కాలవ మీంచి లేచి, కొబ్బరితోటల తలలు రాసుకుంటూ నది వైపు తిరిగింది. గోదావరి నదిలా లేదు. ఎర్రటి నేల ఒకటి కదిలిపోతున్నట్టుంది. ఇళ్ళ కప్పులు, విరిగిన చెట్లు, ఒక పశువుల పాక మొత్తంగా, పైన కోడిపుంజుతో సహా కొట్టుకుపోతున్నాయి. ఎదురుగాలి బండిని పక్కకి నెడితే ఏసుపాదం పళ్ళు బిగబట్టి మళ్ళీ దారికి తెచ్చాడు. వెనకాల చుట్ట తాళ్ళలో మూలిగింది. ఉత్పల చేయి వెనక్కి చాచి దాని మీద ఆనించే ఉంచింది. చంటిబిడ్డ ఒంటిలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం పెరిగితే చెప్పమన్నాడు ఏసుపాదం. చెబితే ఏం చేస్తావంది. ప్రార్థన మొదలెడతానన్నాడు.

భయం పోగొట్టుకోవడానికేమో, అతను సమవర్తి మీద పడ్డాడు. సమవర్తి అంటే యముడి పేరని వాళ్ళూరి హరికథల్లో విన్నాడట. పెట్టినవాళ్ళకి ఆ మాత్రం తెలీదా అని అడిగాడు. అందరినీ సమంగా చూసేది కదా అని పెట్టారంది ఉత్పల.

"యముడూ అంతే కదండీ," అన్నాడతను.

వానతెర తొలగ్గానే అరుగు కనిపించింది. నది మధ్యలో, కాళ్ళు సగమే సాచి, ఇనుప పల్లెంలా. నీళ్ళు అప్పటికే అంచు దాటాయి. జనం చీలమండల లోతులో నిలబడి ఉన్నారు. పిల్లలు పెద్దవాళ్ళ భుజాల మీదున్నారు. మధ్యలో నాలుగు గుంజలకి చీరలు కట్టి తెర చేశారు. ఆ తెర వెనక బల్ల మీద శశిరేఖ.

బండి చూసి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకసారి కొట్టి మోసపోయారు.

ఉత్పల నీళ్ళలోకి దూకింది. ముందు తెర దగ్గరికి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తలేదు. ఏసుపాదంతో కలిసి చుట్టని దింపి, అరుగు పోతనోటికి తగిలించింది. నోరు తెరుచుకోలేదు. సన్నటి తీగతో, సమవర్తి వినే అరుగు చెవికి కాస్త విద్యుత్తు అందించింది. తెర పక్క గుంజకి బిగించిన చెవిపెట్టె పచ్చగా వెలిగింది. సమవర్తి పలికింది. ముత్యాలలంక లేవరుగు నిండి ఉందనీ, కొత్తగా పొయ్యడం కుదరదనీ చెప్పింది.

నర్సు తెర తొలగించుకుని వచ్చి, బిడ్డ తల కనిపిస్తోందనీ, శశిరేఖని ఇప్పుడు కదపడానికి లేదనీ చెప్పి లోపలికి పోయింది. నీళ్ళు బల్ల కోళ్ళు ఎక్కుతున్నాయి.

వీరవేణమ్మ తెర బయటే ఉంది. ఎత్తైన మనిషి, తడిసిన కొంగు నడుముకి దోపుకుని, దేనికీ బెదరనట్టు నిలబడి ఉంది. ఉత్పల నాలుగు ముక్కల్లో విషయం చెప్పింది. ఖాళీ అని ఒక్క మాట చెవిపెట్టెలో అంటే నోరు తెరుచుకుంటుంది, అరుగు లేస్తుంది. ఆవిడే అనాలి, ఇంకెవరన్నా అది వినదు.

వీరవేణమ్మ ముఖం వాడిపోయింది. పిట్టల్ని పిలిచి ఉన్నది పోగొట్టింది తన మాటేనని అప్పుడు అర్థమైంది ఆవిడకి. అయినా తల అడ్డంగా ఊపింది.

"ఎక్కడ నిలబడి అనమంటున్నావమ్మాయ్ ఆ మాట? ఒడి నిండాల్సిన చోట ఖాళీ అంటానా? నా నోటితో నా కోడలి ఒడిని..." ఆవిడ పూర్తి చెయ్యలేదు. "ఇంకేదైనా మాట చెప్పు. నీళ్ళలో దూకమంటే దూకుతాను."

ఉత్పల చాలా చెప్పింది. అది యంత్రమనీ, మాట వట్టి చప్పుడనీ, నీళ్ళు నమ్మకాలు చూడవనీ చెప్పింది. చెబుతూనే, తన గొంతులో కూడా ఆ మాట పలకడానికి ఎక్కడో ముల్లు గుచ్చుకోవడం గమనించింది. తెర అవతల ఉన్నది తన చెల్లెలు. వీరవేణమ్మ ఆమె మాట వినడం లేదు. చెవిపెట్టె వంక, అందులో పాము ఉన్నట్టు చూస్తోంది.

తెర వెనక మూలుగు ఆగింది. శశిరేఖ గొంతు వచ్చింది, ముక్కలు ముక్కలుగా.

"అత్తయ్యా. నేనంటే అది వినదంట. మీరే అనండి. నాకేం పట్టింపు లేదు. ఒడి నాది కదా, నేను చెబుతున్నా. అనండి."

వీరవేణమ్మ కళ్ళు మూసుకుంది. చెవిపెట్టె దగ్గరికి వెళ్ళి ఏదో అంది.

"వినపడలేదు," అంది సమవర్తి.

ఆవిడ గుంజ పట్టుకుంది. "ఖాళీ."

"ఇంతకుముందు నిండుకుంది అన్నారు. ఇప్పుడు దానికి వ్యతిరేకంగా చెబుతున్నారు. పొరపాటు కాదని మూడుసార్లు చెప్పండి."

అరుగు మీద ఒక్కరూ కదల్లేదు. తెర వెనక శశిరేఖ కేక పెట్టింది. ఆ కేక మీదే, దాన్ని కప్పేస్తున్నట్టు, వీరవేణమ్మ గొంతెత్తి అంది.

"ఖాళీ. ఖాళీ. ఖాళీరా దేవుడా."

పోతనోరు టప్పున తెరుచుకుంది.

పుట్టరేకు ఒక్క గుక్కలో పోసింది. ఉత్పల అరచేతుల కింద చుట్ట భగ్గుమంది. అరుగు నిలువెల్లా వణికింది. కింద ఎక్కడో ఇనుప కాళ్ళు కీచుమని సాగాయి. అంచుల మీంచి నీళ్ళు నాలుగు వైపులా జలపాతాల్లా జారిపోయాయి. ఒక మెట్టు. ఆగకుండా ఇంకో మెట్టు. జనం ఒకరి మీద ఒకరు పడి, లేచి, ఒకరినొకరు పట్టుకుని అరిచారు. ఏసుపాదం ముల్లు చూసి కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రెండు మెట్లు ఎక్కించినా చుట్టలో ఇంకో మెట్టుకి సరిపడా ఉంది.

ఆ కేరింతల మధ్యలో సన్నటి ఏడుపు వినిపించి, ఒక్కొక్కరే ఊరుకున్నారు.

నర్సు తెర తీసింది. శశిరేఖ చెమటలో, వానలో తడిసి ముద్దై, నవ్వుతోంది. ఆడపిల్ల. ఉత్పల చెల్లెలి నుదురు ముద్దు పెట్టుకుని, తన చేతులు కాలి బొబ్బలెక్కాయని అప్పుడు చూసుకుంది.

వీరవేణమ్మ గుంజ దగ్గరే ఉండిపోయింది. రమ్మంటే రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నదివైపు తిరిగి నిలబడింది. చివరికి నర్సే బిడ్డని తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. అప్పుడు ఆవిడ ముఖం మారింది. ఆ ముఖంలో ఏం జరుగుతోందో ఉత్పలకి తెలిసిపోయింది. ఈ నోటితోనే అన్న మూడు మాటల్ని ఈ నోటితోనే తుడిచెయ్యాలని ఆవిడ తొందర. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి నోరు తెరిచింది.

"నిం..."

ఉత్పల ఒక్క ఉదుటున వెళ్ళి, కాలిన అరచేతితో ఆవిడ నోరు మూసింది.

వీరవేణమ్మ పెద్ద కళ్ళు ఉత్పల ముఖంలోకి చూశాయి. పక్కనే చెవిపెట్టె పచ్చగా వెలుగుతోంది.

"అత్తయ్యగారూ, వద్దు," అంది ఉత్పల. "అది వింటోంది."

నదికి ఇంకా పోటు రావాల్సి ఉంది. సాయంత్రంలోపు ఇంకో మెట్టు ఎక్కాలి. చెవి మూస్తే నోరూ మూసుకుంటుంది, దాని కట్టుబాటు అది. అరుగు మీద ఎక్కడైనా నిండు అన్న మాట ఆ గొంతులో ఒక్కసారి దానికి వినపడితే చాలు, నోరు మూతబడుతుంది, పిట్టలు బయలుదేరతాయి. మళ్ళీ తెరవాలంటే మళ్ళీ ఆ మాటే మూడుసార్లు, ఈసారి చేతుల్లో బిడ్డని పెట్టుకుని. సమవర్తిని తయారుచేసిన వాళ్ళు మెరుపుల్ని లెక్కేశారు, తుఫానుల్ని లెక్కేశారు, రేకు పొర ఎంత ఒత్తిడికి పగులుతుందో లెక్కేశారు. ఒక నాయనమ్మ మనవరాలిని దీవించకుండా అది అడ్డుపడుతుందని ఎవరూ లెక్కెయ్యలేదు.

వీరవేణమ్మకి విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడ ఉత్పల చేతిని తన నోటి మీంచి మెల్లగా తీసింది. బొబ్బలు చూసింది. తన తడి కొంగు దాని చుట్టూ చుట్టింది. తర్వాత బిడ్డ వంక చూస్తూ పెదవులు బిగించుకుంది. బుగ్గల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. మాట మాత్రం రాలేదు.

బల్ల మీంచి శశిరేఖ తల ఎత్తింది.

"అది వినేది మా అత్తయ్య గొంతొక్కటే కదే అక్కా?"

"ఆ గొంతొక్కటే."

శశిరేఖ అరుగు మీద నిలబడ్డ వాళ్ళందరి వైపూ చూసింది. అడగలేదు. ముందు ఏసుపాదం టోపీ తీసి ఒక అడుగు ముందుకి వేశాడు. సిగ్గుపడుతూ, కొంచెం బొంగురుగా అన్నాడు.

"నిండు నూరేళ్ళు బతకవే తల్లీ."

పిట్టలేవీ రాలేదు. పోతనోరు తెరుచుకునే ఉంది. అతని వెనకాల ఇంకో గొంతు అందుకుంది, తర్వాత పది, తర్వాత భుజాల మీది పిల్లలు, తర్వాత ఊరంతా. నిండు నూరేళ్ళు, నిండు నూరేళ్ళని నది హోరుకి పోటీగా ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నారు. మధ్యలో వీరవేణమ్మ బిడ్డని ఎత్తి పట్టుకుని, వాళ్ళతో పాటు ప్రతి అక్షరానికీ పెదవులు కదిపింది. చప్పుడు లేకుండా.